కలలా, కళలా?

సెల్‌ఫోను కురచ రాతలే పిల్లల తెలుగును చెరిచాయని పెద్దలంటుంటారు. విశాఖపట్నంలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనక నా మాటా కాస్త వినండి. కురచగా రాయడం దోషం కాదు. 2013లో మూతబడేదాకా టెలిగ్రాములో మనమూ మాటకింత అని లెక్కగట్టి రాసినవాళ్లమే గదా! అంతమాత్రాన మన ఉత్తరాలు చెడలేదు.

చిక్కల్లా లిపితో వచ్చింది. ఒక ఎస్.ఎమ్.ఎస్.లో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి. తెలుగు లిపికి 70తోనే సరి. కుర్రకారు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి అదొక కారణం. వాట్సాప్‌లో ఆ ఇబ్బంది లేకపోయినా అలవాటు మాత్రం పోలేదు. 'కె, ఏ, ఎల్, ఏ' అని కొడితే కల కావచ్చు, కళ కావచ్చు, కాల కూడా కావచ్చు. స్నేహితుడు సందర్భాన్నిబట్టి గ్రహిస్తాడు. పరీక్ష కాగితం దిద్దేవాడికి ఆ ఊహ పనికిరాదు. జానపద కళలు కాస్తా జానపద 'కలలు'గా నా బల్లమీదికి వస్తున్నాయి!

వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు, ఆగస్టు 29, మనకు తెలుగు భాషా దినోత్సవం. నోటిమాటను కాగితం మీద పెట్టమన్నారాయన; నోటికి తెలిసిన తేడాను చెరిపెయ్యమనలేదు.

ఇప్పటి ఫోన్లలో తెలుగు అక్షరాలున్నాయి. అమ్మలారా, అయ్యలారా! హాస్టలునుంచి అబ్బాయి పంపే కబురు రెండే మాటలైనా సరే, తెలుగులిపిలో రాయమనండి. మీ జవాబూ అలాగే పంపండి.