చిన్నబజారు ఖాతా

పండక్కి అమ్మకి చీర కొందామని ఫోన్ తీశా. "అది లోపల పెట్టు. చిన్నబజారుకి పోదాం పద" అంది.

నెల్లూరు ట్రంకు రోడ్డుకి ఆ పేరెందుకో తెలుసా? ఒకప్పుడు మద్రాసు-కలకత్తా పెద్ద రోడ్డు ఊరి మధ్య నుంచే పోయేది. బైపాస్ వచ్చాక లారీలు అటు మళ్లాయి. రోడ్డు పొడుగునా అద్దాల షోరూములు లేచాయి. తర్వాత మాల్. ఇప్పుడు బజారంతా మన జేబులోనే.

చిన్నబజారులో అమ్మ వెతికిన బట్టల కొట్టు లేదు. అక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అమ్మ కాసేపు అట్నే నిలబడింది.

"నా పెళ్లి బట్టలు ఇక్కడే తీశారు, అప్పుకి. వడ్లు అమ్మి కడతానన్నాడు మా నాయన. 84 నవంబరు తుఫానుకి పైరంతా పోయింది. అయినా శెట్టిగారు రెండేళ్లు నోరెత్తి అడగలా."

నా ఫోన్లోనూ అప్పిచ్చే యాప్ ఉంది. ఒక్కరోజు ఆలస్యమైతే చాలు, ఫైన్ మెసేజ్ వస్తుంది. తుఫానొచ్చిందని దానికెట్టా చెప్పేది?

పక్క కొట్లో చీర తీసుకుని క్యూఆర్ స్కాన్ చేశా. కొట్టాయన అమ్మ వైపు చూసి, "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు.

"అల్లూరు" అంటూ అమ్మ మళ్లీ కూర్చుంది. ఇంకో అరగంటకి గానీ లేవలా.