దాచిన మాట బ్లడ్ బ్యాంకుకి తెలియదు

"ఒకే బ్లడ్ గ్రూపు ఉన్న అబ్బాయి, అమ్మాయి పెళ్ళి చేసుకోకూడదు, పుట్టే పిల్లలకి ప్రమాదం" అనే మెసేజ్ మన గ్రూపుల్లో ఏడాదికి నాలుగుసార్లయినా తిరుగుతుంది. ఈ మధ్య దానికి ఇంకోటి తోడయింది. జాతకాల్లో చూసే నాడీదోషం అంటే ఆర్‌హెచ్ ఫ్యాక్టరేనట, మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టేశారట!

ముందు ఈ రెండూ తేల్చేద్దాం. భార్యాభర్తలిద్దరిదీ బీ పాజిటివ్ అయితే ఏ గొడవా లేదు. ఇద్దరిదీ ఓ పాజిటివ్ అయినా అంతే. నాడి లెక్కగట్టేది పుట్టిన నక్షత్రాన్ని బట్టి. ఆర్‌హెచ్ అనేది అమ్మానాన్నల నుంచి వచ్చే ఎర్ర రక్తకణం మీది ఒక ప్రోటీన్. పంచాంగం చూసి దాన్ని చెప్పడం కుదరదు, చిన్న రక్తపరీక్షతో అయిదు నిమిషాల్లో చెప్పొచ్చు. చూడాల్సింది ఒక్కటే: తల్లి నెగెటివ్, తండ్రి పాజిటివ్ అయినప్పుడు బిడ్డ పాజిటివ్ అయ్యే అవకాశం ఉంటుంది. అదీ పెళ్ళి మానుకోవలసిన విషయం కాదు, ఇంజెక్షన్ వేయించుకోవలసిన విషయం.

నేను చెప్పదలచుకున్నది అసలు వేరే. పెళ్ళికి ముందు గ్రూపుల గురించి ఇంత హడావిడి చేసే మనం, పెళ్ళయ్యాక డాక్టరు "ఇంతకు ముందు గర్భం వచ్చిందా? ఎప్పుడైనా రక్తం ఎక్కించారా?" అని అడిగితే మాట మింగేస్తాం. ఇది మారాలి. ఎందుకు మారాలో తెలియాలంటే బ్లడ్ బ్యాంకు డాక్టర్ల పని గురించి కొంచెం తెలుసుకోవాలి. వాళ్ళు పేథాలజిస్టులు, మన మంచం దగ్గరికి రారు. మన రక్తం ఉన్న ట్యూబు మాత్రమే వాళ్ళ దగ్గరికి వెళ్తుంది.

ఆర్‌హెచ్ కథలో సగం మన న్యూజెర్సీలోనే జరిగింది. 1930ల చివర్లో న్యూయార్క్‌లో ఒకావిడకి కడుపులోనే బిడ్డ పోయింది. రక్తస్రావం ఎక్కువై, భర్త రక్తం ఎక్కించారు. ఇద్దరిదీ ఒకటే గ్రూపు. అయినా ఆవిడకి ప్రాణం మీదికొచ్చింది. ఆ కేసుని పరిశీలించిన ఫిలిప్ లెవీన్ అప్పటికి నూవర్క్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో పనిచేస్తున్నారు. ఆయన చిన్నప్పుడు రష్యన్ సామ్రాజ్యం నుంచి వలస వచ్చినవారు. బిడ్డకి తండ్రి నుంచి వచ్చిన ఏదో పదార్థం తల్లి రక్తంలో కలిసిందనీ, తల్లి శరీరం దాన్ని శత్రువుగా చూసి యాంటీబాడీలు తయారుచేసిందనీ 1939లో రూఫస్ స్టెట్సన్‌తో కలిసి రాశారు. ఏ, బీ, ఓలు కలిసినంత మాత్రాన రక్తం కలిసినట్టు కాదని తేలింది. మరుసటి ఏడాది లాండ్‌స్టైనర్, వీనర్ ఆర్‌హెచ్ పేరుతో తమ పరిశోధన ప్రకటించారు. 1944 నుంచి లెవీన్ రారిటన్‌లోని ఆర్థో పరిశోధన సంస్థలో పనిచేశారు. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తుంటాం కదా, దాని పక్క ఊరే రారిటన్.

జబ్బు ఎందుకొస్తుందో తెలిసింది గానీ ఆపడం తెలియలేదు. మొదటి బిడ్డ మామూలుగా పుట్టేది. కాన్పు సమయంలో బిడ్డ రక్తకణాలు తల్లి రక్తంలో కలిసేవి. తల్లి శరీరం వాటి మీద ఆయుధాలు తయారుచేసుకుని ఉంచుకునేది. రెండో బిడ్డకో మూడో బిడ్డకో అవి మాయ దాటి వెళ్ళి రక్తకణాలని పగలగొట్టేవి. బిడ్డ రక్తం లేక, కామెర్లతో, ఒళ్ళంతా నీరు పట్టి పోయేది. ఒక్క అమెరికాలోనే ఏటా 10,000 మంది దాకా పిల్లలు ఇలా పోయేవారని అంచనా. మన ఊళ్ళల్లో "ఆవిడకి పిల్లలు నిలవరు" అని ఎంతమందిని అన్నారో, గొడ్రాలి కంటే హీనంగా ఎంతమందిని చూశారో, వాళ్ళలో ఎందరిది ఈ కారణమో ఎవరు లెక్కపెట్టారు? తావీదులు కట్టారు, నాగప్రతిష్ఠలు చేయించారు, కొందరు మగవాళ్ళు ఇంకో పెళ్ళి చేసుకున్నారు.

దీన్ని ఆపే ఆలోచన చేసినవాళ్ళలో జాన్ గోర్మన్ ఒకరు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పేథాలజిస్టు, న్యూయార్క్ కొలంబియా ప్రెస్బిటేరియన్ ఆసుపత్రిలో బ్లడ్ బ్యాంకు చూసుకునేవారు. అక్కడే ఉన్న ప్రసూతి డాక్టరు విన్సెంట్ ఫ్రీడాది ఇదే బెంగ. గోర్మన్‌కి దారి దొరికింది ఒక పేథాలజీ పుస్తకంలో, థియోబాల్డ్ స్మిత్ అనే ఆయన 1909లో గమనించిన సంగతి చదువుతుంటే. ఒక విషానికి సరిపడా విరుగుడు యాంటీబాడీలు దానితో పాటే ఇచ్చేస్తే, శరీరం సొంతంగా యాంటీబాడీలు తయారుచేసుకోదని ఆ సంగతి. అలాంటప్పుడు కాన్పవగానే తల్లికి ఆర్‌హెచ్ యాంటీబాడీలు బయటి నుంచి ఇస్తే? బిడ్డ కణాలని అవే తొలగించేస్తాయి, తల్లి శరీరానికి ఆ పాఠం నేర్చుకునే అవసరమే రాదు.

ఈ థియోబాల్డ్ స్మిత్ మనకి పరాయివాడేం కాదు. 1915 నుంచి 1929 వరకు ప్రిన్స్‌టన్ దగ్గర రాక్‌ఫెల్లర్ సంస్థ పశువ్యాధుల విభాగానికి పెద్ద ఆయనే. ఆ స్థలాన్ని 1951లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ కొనుక్కుంది. ఇప్పుడు మన ప్లెయిన్స్‌బరోలో రూట్ 1 పక్కనున్న ఫారెస్టల్ క్యాంపస్ అదే. పశువుల రక్తాన్ని పాడుచేసే ఒక జ్వరం పిడుదుల ద్వారా అంటుకుంటుందని 1893లోనే నిరూపించింది కూడా ఆయనే. ఆ పరాన్నజీవి జాతిదే అయిన బబీసియా కోసం న్యూజెర్సీలో దానం చేసే రక్తాన్ని పరీక్షించాలని 2019లో ఎఫ్‌డీఏ చెప్పింది. పిల్లల్ని బడిలో దింపి రోజూ ఆ దారినే వెళ్తుంటాం, మనలో ఎంతమందికి తెలుసు?

గోర్మన్, ఫ్రీడాలతో కలిసి ఆ మందుని తయారుచేసింది రారిటన్‌లో ఆర్థోలో పనిచేసే విలియం పోలాక్. మొదటి పరీక్షలు సింగ్ సింగ్ జైల్లోని ఖైదీల మీద చేశారు, వాళ్ళు ఒప్పుకున్నారనే చెప్తారు. జైల్లో ఉన్నవాడి ఒప్పుకోలుకి ఎంత విలువ అన్నది న్యాయమైన ప్రశ్న, ఇవాళైతే అలా చేయనివ్వరు. 1964 జనవరిలో ఆ మందు తీసుకున్న తొలి తల్లి గోర్మన్ సోదరుడి భార్యే. ఆవిడ లండన్‌లో ఉండేది. ఆవిడ నెగెటివ్ అన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టే గోర్మన్ పంపిన మందు సమయానికి చేరింది. 1968లో రోగామ్ పేరుతో అమెరికాలో అనుమతి వచ్చింది. 1980లో వీళ్ళకీ, ఇంగ్లండ్‌లో విడిగా ఇదే పని చేసిన క్లార్క్, ఫిన్‌లకీ కలిపి లాస్కర్ అవార్డు ఇచ్చారు.

ఇంత గొప్ప మందుకి ఒక లోపం ఉంది. ఇది రాకుండా ఆపుతుంది, వచ్చినదాన్ని పోగొట్టదు. తల్లి శరీరం ఒకసారి యాంటీబాడీలు తయారుచేసుకున్నాక ఈ ఇంజెక్షన్ వేసినా ఫలితం లేదు. అందుకే ఏడో నెలలో, 28 వారాలప్పుడు ఒకటి, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు ఇంకోటి వేస్తారు. గర్భస్రావం అయినా, గర్భం ట్యూబులో నిలిచినా, పడిపోయి పొట్టకి దెబ్బ తగిలినా ఇదే ప్రశ్న వస్తుంది. 12 వారాల లోపు గర్భం పోతే ఇంజెక్షన్ అవసరమా కాదా అన్నదానిపై ఈ మధ్య ఇక్కడి డాక్టర్ల సంఘాల సలహా మారింది. ఆ నిర్ణయం డాక్టరుది. జరిగింది చెప్పడం మాత్రం మన పని.

మనం మింగేసే మాట సరిగ్గా ఇక్కడే ఉంది. పెళ్ళికి ముందు ఒకసారి గర్భం పోయింది, లేదా తీయించుకుంది. అత్తగారికి తెలియదు, భర్తకీ తెలియదు. హైదరాబాదులో ఏదో నర్సింగ్ హోమ్‌లో పని అయిపోయింది, కాగితం చింపేశారు. ఇక్కడికొచ్చాక కడుపుతో ఉన్నప్పుడు పక్కన భర్త కూర్చుని ఉండగా నర్సు "ఇదే మొదటిదా?" అని అడుగుతుంది. ఏమంటుంది పిల్ల? అవుననే అంటుంది. నేను ఆ పిల్లని తప్పు పట్టను. నిజం చెప్తే కాపురం ఏమవుతుందో అన్న భయం ఉత్తి భయం కాదు. తప్పు పట్టాల్సింది, ఆడదాని గర్భం చరిత్రని ఆవిడ శీలం లెక్కల్లో రాసుకునే మనందరినీ.

"ఇప్పుడు పరీక్షలన్నీ మిషన్లు చేస్తాయి కదా, చెప్పకపోయినా తెలిసిపోతుంది" అంటారు కొందరు. అన్నీ తెలియవు. బ్లడ్ బ్యాంకులో చేసే ముఖ్యమైన పరీక్షని టైప్ అండ్ స్క్రీన్ అంటారు. గ్రూపు చూస్తారు, తర్వాత మన రక్తరసంలో అనుకోని యాంటీబాడీలేమైనా ఉన్నాయా అని వెతుకుతారు. ఒకప్పుడు గాజు ట్యూబులో కదిపి కంటితో చూసేవారు, ఇప్పుడు జెల్ నింపిన చిన్న కార్డుల్లో మిషన్ చూస్తుంది. అంటుకుని గుంపైన కణాలు పైన చిక్కుకుంటాయి, విడివిడిగా ఉన్నవి అడుక్కి దిగుతాయి. ఎంత మంచి మిషనైనా ఉన్నదాన్నే చూడగలదు. యాంటీబాడీలు కొన్నేళ్ళకి పరీక్షకి అందనంతగా తగ్గిపోవచ్చు. కిడ్ అనే రక్తవర్గం మీద వచ్చేవి ఇలా మాయమవడంలో పేరుమోసినవి. స్క్రీన్ శుభ్రంగా ఉందని రక్తం ఎక్కిస్తారు, శరీరం పాత పగ గుర్తు తెచ్చుకుంటుంది, కొద్దిరోజుల తర్వాత ఎక్కించిన రక్తం పగలడం మొదలవుతుంది. గత 3 నెలల్లో గర్భం గానీ, రక్తం ఎక్కించడం గానీ జరిగితే, ఎక్కించే ముందు 3 రోజులకి మించని తాజా శాంపిల్ కావాలని నియమం పెట్టుకున్నదీ ఇందుకే. కొత్త యాంటీబాడీ ఏ రోజైనా తలెత్తవచ్చు.

ఇంకో సంగతి. మీకు ఫలానా యాంటీబాడీ ఉందని ఒక ఆసుపత్రి కనిపెడితే అది వాళ్ళ రికార్డులో ఉంటుంది. అమెరికా మొత్తానికీ కలిపి అలాంటి ఉమ్మడి పుస్తకం లేదు. గుంటూరులో కాన్పప్పుడు రెండు సీసాలు ఎక్కించిన సంగతి ప్లెయిన్స్‌బరోలో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? ఆ ట్యూబు ముందు కూర్చున్న పేథాలజిస్టుకి మన నోటి మాట తప్ప వేరే ఆధారం లేదు.

పిల్లల కాన్పులకి వచ్చే అమ్మల విషయం మరీ కష్టం. "నాకేం జబ్బుల్లేవమ్మా" అంటారు. నలభై ఏళ్ళ కిందట రక్తస్రావమై చావు తప్పి బయటపడ్డ సంగతి వాళ్ళకి జబ్బు కింద లెక్కకి రాదు. ఎమర్జెన్సీలో కొడుకు దుబాసీగా నిలబడితే, ఎన్నిసార్లు కడుపులు పోయాయో ఆవిడ కొడుకుతో చెప్తుందా?

దీనికి ఉపాయాలు లేకపోలేదు. ఒకటి, డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడగడం మీ హక్కు. భర్తని, అత్తగారిని కాసేపు బయట కూర్చోమని నర్సే చెప్తుంది, మీరు చెప్పక్కర్లేదు. మీ అనుమతి లేకుండా ఆ వివరాలు వాళ్ళకి చెప్పకూడదు. రెండు, ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు భాష రానివారికి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. తెలుగువాళ్ళు ఫోన్లో దొరుకుతారు. అమ్మ విషయంలో కొడుకుల్ని పక్కన పెట్టి ఆ ఫోనే అడగండి. మూడు, ఇండియా వెళ్ళినప్పుడు నగల లాకరుతో పాటు పాత ఆసుపత్రి కాగితాలు కూడా చూడండి. గ్రూపు, గర్భాలు ఎన్ని, రక్తం ఎప్పుడు ఎక్కించారు, ఆర్‌హెచ్ ఇంజెక్షన్ వేశారా లేదా, ఈ నాలుగూ ఫోన్లో రాసి పెట్టుకోండి.

రోగామ్ గురించి చివరగా ఒక మాట. ఆ మందు ఇప్పటికీ మనుషుల ప్లాస్మా నుంచే వస్తుంది. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన 1,173 సార్లు దానం చేశారు, 24 లక్షల మంది పిల్లలకి ఆయన ప్లాస్మా అండ అయిందని లెక్క. 2025లో పోయారు. ప్రపంచంలో ఈ ఇంజెక్షన్ కావలసిన తల్లుల్లో సగం మందికి ఇప్పటికీ అందడం లేదని అంచనా. మనం ఇక్కడ రక్తమైనా ఇద్దామని వెళ్తే ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండాలంటారు, చాలామంది అక్కడే వెనక్కి వచ్చేస్తారు. ఇండియా వెళ్ళొస్తే మలేరియా కారణంగా మామూలుగా 3 నెలలు ఆగమంటారు. ఆగి మళ్ళీ వెళ్దాం. హిమోగ్లోబిన్ తక్కువైతే అది మనకే ఒక హెచ్చరిక అనుకుని ఐరన్ సంగతి డాక్టరుని అడుగుదాం.

మన ఆడపిల్లలకి వంటలు నేర్పిస్తాం, వ్రతకథలు చెప్తాం. వాళ్ళ అమ్మమ్మకి ఎన్ని కాన్పులయ్యాయో, ఎందరు దక్కారో, ఎందుకు దక్కలేదో కూడా చెబుదాం. సిగ్గుపడాల్సిన కథ కాదది. రేపు ఏ రాత్రి రెండింటికో ఒక బ్లడ్ బ్యాంకు డాక్టరు వాళ్ళకి రక్తం ఎంచేటప్పుడు పనికొచ్చేది ఆ కథే.