సెలవు సంగతి ముందే చెబుదాం

ఏటా ఏప్రిల్ 15 రాగానే నెల్లూరు తీరంలో మరపడవలు ఒడ్డుకు చేరుతాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతటా జూన్ 14 వరకు, అంటే 61 రోజులపాటు, మరపడవలతో వేటను ప్రభుత్వం నిషేధిస్తుంది. జువ్వలదిన్నె నుండి మైపాడు దాకా రెండు నెలలు ఆదాయానికి గండి పడుతుంది. అయినా వేటకు ఎందుకు పోలేదని చేపల వ్యాపారి పడవ యజమానితో తగవు పడడు. తేదీ అందరికీ ముందే తెలుసు. వలల మరమ్మతు, ఇంజను పనులు, ఇచ్చిపుచ్చుకోవలసిన లెక్కలు అన్నీ ఆ తేదీని చూసుకునే సాగుతాయి.

ఇదే తీరంలో మన కుటుంబాలలో ఎందరో మేస్త్రీలు, పెయింటర్లు, వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు, వంట మాస్టర్లు కాంట్రాక్టు పనులు చేస్తున్నారు. రమజాన్ చివరి పది రోజులు, పండుగ, ఇంట్లో నికాహ్, హజ్ ప్రయాణం వంటి వాటికి పని ఆపడం వారి హక్కు. అయితే ఆ సంగతి ఇంటి యజమానికి ఎప్పుడు తెలుస్తోంది? మనిషి రాని రోజున, ఫోను ఎత్తని వేళ. అక్కడే హక్కు కాస్తా అపకారంగా మారుతోంది.

స్లాబు వేసిన మరునాడే మేస్త్రీ సెలవుపై వెళ్ళాడనుకుందాం. సిమెంటు రకాన్ని బట్టి కనీసం 7 నుండి 10 రోజులు స్లాబు తడి ఆరకుండా చూడాలి. నీళ్ళు ఎవరు పెట్టాలో చెప్పకుండా వెళితే, అప్పు చేసి ఇల్లు కట్టుకుంటున్న మనిషి సొమ్ము పగుళ్ళ పాలవుతుంది. నష్టం అంతటితో ఆగదు. “వీళ్ళకు పని ఇస్తే పండుగకు మధ్యలో వదిలేస్తారు” అన్న మాట వీధిలో పుడుతుంది. ఆ మాటకు మూల్యం చెల్లించేది తర్వాత పని అడగబోయే మరో సోదరుడు, అతని వెంట వచ్చే కూలీలు.

‘ఇన్షా అల్లాహ్’ అనే పవిత్ర వాక్యాన్ని మనలో కొందరు తేదీ చెప్పకుండా తప్పించుకోవడానికి వాడుతున్నారు. ఇది బాధాకరం. రేపు ఫలానా పని చేస్తానన్నప్పుడు అల్లాహ్ చిత్తాన్ని జోడించమని అల్ కహఫ్ సూరా బోధిస్తోంది. అంటే ముందు మాట ఉండాలి, దాని వెంట ఇన్షా అల్లాహ్ ఉండాలి. ఒప్పందాలను నెరవేర్చాలన్న ఆదేశంతోనే అల్ మాయిదా సూరా ప్రారంభమవుతుంది. పని ఒప్పందం కూడా ఒప్పందమే.

మరి ఎలా చెప్పాలి? రమజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుందని మనకు తెలుసు. ఇతర మతస్థుడైన యజమానికి తెలియకపోవచ్చు. కనుక పని ఒప్పుకునే రోజునే ఆ తేదీలు ఆయన ముందుంచాలి. పండుగ నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చని కూడా చెప్పాలి. హజ్‌కు ఎంపికైన కబురు నెలల ముందే అందుతుంది. యజమానికి ఆ వారంలోనే తెలియజేయాలి. నోటితో చెప్పిన తర్వాత ఫోనులో నాలుగు ముక్కలు రాసి పంపాలి:

“అన్నా, ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు నేను పనికి రాను. అప్పటికి బాత్‌రూము టైల్స్ పూర్తవుతాయి. వంటగది పని తిరిగి వచ్చాక మొదలుపెడతాను. ఈ మధ్యలో అవసరమైతే మా తమ్ముడికి ఫోన్ చేయండి, అతని నంబరు ఇది.”

వెళ్ళే తేదీ, తిరిగి వచ్చే తేదీ, పని ఎంతవరకు వస్తుంది, వెనుక ఎవరు చూస్తారు అన్న నాలుగూ ఉంటే చాలు. వచ్చాక మొదలుపెట్టే పనికి వెళ్ళేముందే అడ్వాన్సు అడగకపోవడం మర్యాద. ఇంట్లో కుట్టుపని చేసే సోదరీమణులు కూడా రమజాన్‌లో బట్టలు తీసుకునే ఆఖరి తేదీని ముందే ప్రకటిస్తే, చాంద్ రాత్ నాడు గుమ్మం ముందు కంటతడి పెట్టే పిల్లలు ఉండరు.

హఠాత్తుగా వచ్చే జబ్బు, మరణం వేరు. వాటికి ముందస్తు కబురు ఎవరూ ఇవ్వలేరు. అలాంటప్పుడు వీలైనంత త్వరగా ఒక ఫోను చేస్తే చాలు. మన ఇంట్లో పని చేసేవారు ముందుగా సెలవు చెప్పినప్పుడు మనమూ ముఖం చిట్లించకూడదు, రావలసిన కూలి బిగబట్టకూడదు. నిజం చెప్పినవాడు నష్టపోతే మరోసారి ఎవరు చెబుతారు?

ఈ రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ క్యాలెండరు ముందు కూర్చుందాం. రాబోయే ఆరు నెలల సెలవులను గుర్తించి, రేపే సంబంధితులకు తెలియజేద్దాం. ఇచ్చిన మాట నిలుపుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.