హార్మోనియమా, కీబోర్డా? మన డోలు ఏది?

గోదావరిఖని వంటి బొగ్గు ఊళ్ల బాప్టిస్టు సంఘాల్లో పెద్దలు హార్మోనియం, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే సంప్రదాయమంటారు. యువకులు కీబోర్డు, ప్రొజెక్టరు కావాలంటారు. హార్మోనియం మాత్రం ఎక్కడిది? 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో పుట్టి సముద్రం దాటి వచ్చింది. నిన్నటి కొత్తే నేటి సంప్రదాయం!

1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లను కదిలించింది వాద్యం కాదు. యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ బోధకులు తమవాళ్ల మధ్య, తమ మాటలో చెప్పిన కబురు.

మరి గోండు, కోయ విశ్వాసికి తన మాటలో ప్రార్థన ఏది? డోలు మోగితే ఇద్దరికీ భయమెందుకు?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, పంతుళ్లారా! ఈ తగవులో ఏ పక్షమూ చేరకండి. మన భాషలో పాట కట్టండి, డోలు మీద పాడండి. సంప్రదాయం ఎవరిదో అప్పుడు తేలుతుంది.