నడిసముద్రముపై సుంకము

హైదరాబాదునకు సముద్రము లేదు. మాదాపురమున సైబర్ టవర్సు 1998 నవంబరులో ప్రారంభమైనది మొదలు ఆ ప్రాంతము విదేశములకు పంపుచున్న సరకు తీగలమీదనే పోవుచున్నది గాని ఓడలమీద పోవుట లేదు. కావున ఓడల పొగపై పరదేశపు సుంకమన్న నిచ్చటివారికి పొరుగూరి తగవువలె తోచవచ్చును. కాని ఆ మేడలలో దీపములారినపుడు నడచు యంత్రములకు వలయు చమురు ఓడలలోనే వచ్చుచున్నది. గుంటూరు మిరప, కరీంనగరపు గ్రానైటురాయి ఓడలలోనే పోవుచున్నవి.

ఐరోపా సమాఖ్య 2024 జనవరి 1వ తేది నుండి పెద్ద ఓడలు విడుచు బొగ్గుపులుసు వాయువునకు వెల కట్టినది. విశాఖపట్టణమున సరకెత్తుకొని, నడుమ మరియొక రేవు తాకక రాటర్‌డాము చేరు ఓడ, దారిపొడుగున విడిచిన వాయువులో సగమునకు ఐరోపావారికి లెక్క తీర్పవలెను. 2024 నాటి లెక్కలో నూటికి 40 పాళ్లకు, 2025లో 70 పాళ్లకు, 2026 నుండి మొత్తమునకు వెల చెల్లును. చెల్లించువాడు ఓడ యజమాని. కిరాయిలో కలిపి రాబట్టునది వర్తకుని యొద్ద. ఆ వర్తకుడు తగ్గించి యిచ్చునది రైతునకు. సొమ్ము చేరునది మాత్ర మైరోపా ఖజానాలకు. హిందూమహాసముద్ర మేనాడు బ్రస్సెల్సు పరగణా యయ్యెనో మాకు తెలియదు!

ఇట్టి సుంకమును శాసనముతో నెదుర్కొనుట క్రొత్తగాదు. విమానములపై ఐరోపావారు 2012లో ఇదే పద్ధతి విధింపబూనగా, మన ప్రభుత్వము మన విమానసంస్థలను లెక్కలీయవద్దని ఆదేశించెను. చైనా నిరాకరించెను. అమెరికా ఏకముగా నిషేధశాసనమే చేయగా, 2012 నవంబరులో ఒబామా దానిపై సంతకము చేసెను. ఆ నెలలోనే ఐరోపావారు ఖండాంతర విమానములపై వసూలు నిలిపివేసిరి. పిదప 2016లో మాంట్రియలు నగరమున ఎల్లదేశములు కూడి యొక ఏర్పాటునకు ఒడంబడినవి.

అయిన, నాటి అమెరికా పట్టుదల వేరు, నేటి బెదిరింపు వేరు. లండనులోని అంతర్జాతీయ నౌకాసంస్థ 2025 ఏప్రిలులో సర్వదేశములకును వర్తించు పద్ధతి నొకదానిని 63 వోట్లతో ఆమోదించినది. వ్యతిరేకించినవారు 16 మంది. అనుకూలురలో భారతదేశమును గలదు. వసూలగు ధనము ఏ యొక్క రాజ్యమునకును గాక ఉమ్మడి నిధికి చేరవలసియుండెను. దానిని తుదముట్ట అంగీకరింపవలసిన అక్టోబరు సమావేశమునకు ముందు అమెరికా ప్రభుత్వము, అనుకూలముగా వోటిచ్చు దేశముల నావికులకు వీసాల చిక్కులు, ఓడలకు రేవు రుసుములు, అధికారులకు ఆంక్షలు తప్పవని హెచ్చరించెను. 57 వోట్లకు 49 వోట్ల తేడాతో విషయ మొక యేడు వాయిదా పడినది. వీసా యను మాటకు మాదాపురము ఉలికిపడును. 2025 సెప్టెంబరులో హెచ్‌-1బి వీసాకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిననాటి కలవరము మనము మరువలేదు. ఒకరి సుంకము నెదిరించుటకు మరియొకరి కొరడాను శరణు జొచ్చుట మనకు తగదు.

మన పార్లమెంటు 1958 నాటి చట్టమునకు బదులుగా 2025లో వాణిజ్యనౌకల చట్టమును క్రొత్తగా చేసినది. దానికి తోడుగా మరియొక శాసనము కావలెనని మా మతము. భారతపతాకము గల ఓడలు నడిసముద్రమున విడిచిన పొగకు ఏ పరరాజ్యమునకును చెల్లింపరాదు; అంత మొత్తమును స్వదేశనిధికి చెల్లింపవలెను; సర్వదేశసమ్మతమగు ఒడంబడిక అమలైననాడు ఈ కట్టు తొలగవలెను. చెల్లింపు వలదని మేమనము. కడలి వేడెక్కిన తుపాను బలియునని తీరవాసులకు వేరొకరు చెప్పనక్కరలేదు. పొగ లెక్కలు కట్టు విద్యకును మాదాపురమున కొరత లేదు.

ఇందొక చిక్కు గలదు, దాచి ప్రయోజనము లేదు. వరుసగా రెండేండ్లు లెక్క తీర్పని ఓడలను తమ రేవులనుండి వెడలగొట్టు అధికారము ఐరోపావారు తమ చట్టముననే ఉంచుకొనిరి. మన విదేశవాణిజ్యములో స్వదేశనౌకలు మోయునది నూటికి పది పాళ్లకు లోపే. పరుల ఓడలపై మన శాసన మెట్లు చెల్లును? తీరవాణిజ్యమును స్వదేశనౌకలకే ఉంచవలెనని హాజీగారు 1928లో కేంద్రశాసనసభలో తెచ్చిన బిల్లు శాసనము కాకయే పోయెను. 1941లో రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిన విశాఖ కర్మాగారమునుండి 1948 మార్చి 14వ తేదిని నెహ్రూగారు ‘జల ఉష’ను నీటికి దింపినపుడు, ఆ లోటు త్వరలో తీరునని దేశ మాశించెను. తీరలేదు. నౌకానిర్మాణాదులకై 69,725 కోట్ల రూపాయలను కేంద్రమంత్రివర్గము 2025 సెప్టెంబరులో మంజూరు చేసినది. అందు విశాఖపట్టణపు వంతెంతయో, ఏ యేట ఎన్ని ఓడలు నీటికి దిగునో, రెండు తెలుగు రాష్ట్రముల సభ్యులును కలిసి పార్లమెంటులో అడిగి చెప్పించవలయును.