రంగు కోసం కుందేలు కన్ను

అలంకరణను ఇస్లాం నిషేధించలేదు. శుభ్రమైన దుస్తులు ధరించడం, అత్తరు పూసుకోవడం, తల దువ్వుకోవడం మన ధర్మంలో మెచ్చదగిన పనులే. మన ఇళ్ళలో షాదీ అంటే ముందు గుర్తొచ్చేది మెహందీ. ఈదు ముందు రోజుల్లో నిజామాబాద్, బోధన్, ఆర్మూర్ బజార్లలో మెహందీ కోన్లు, ఖిజాబ్ పొట్లాలు, సుర్మా సీసాలు కుప్పలుగా అమ్ముడవుతాయి. జక్రాన్‌పల్లి వంటి మండల కేంద్రంలోని చిన్న కిరాణా దుకాణంలో కూడా జుట్టు రంగు ప్యాకెట్లు తోరణంలా వేలాడుతూ ఉంటాయి. అయితే ఆ రంగు కంట్లో పడితే ఏమవుతుందో లోకానికి ఎలా తెలిసింది, అది తెలుసుకోవడానికి ఎవరి కన్ను మూల్యం చెల్లించింది అని మనం ఎన్నడూ ఆలోచించలేదు. విశ్వాసి ఆలోచించవలసిన విషయమే ఇది.

నల్లని జుట్టు రంగుల్లో ప్రధానమైన రసాయనం పేరు పారాఫినైలిన్ డయమీన్. పొట్టిగా పీపీడీ అంటారు. 1930లలో అమెరికాలో ‘లాష్ లూర్’ అనే పేరుతో కనురెప్పల వెంట్రుకలకు వేసే రంగు అమ్మారు. అందులో ఉన్నది ఈ రసాయనమే. అందం కోసం దాన్ని వాడిన స్త్రీలలో కొందరి కనురెప్పలు పుండ్లు పడ్డాయి, కొందరి చూపు పోయింది, ఒకామె ప్రాణమే పోయింది. ఆనాడు అక్కడ అమలులో ఉన్న 1906 నాటి చట్టంలో సౌందర్య సామగ్రి ప్రస్తావనే లేదు. అందువల్ల ప్రభుత్వ అధికారులు ఆ సరుకును ఆపలేకపోయారు. 1938లో కొత్త చట్టం వచ్చాకే దానిని జప్తు చేయగలిగారు.

మనుషుల కళ్ళు పోయాక తెలుసుకునే కన్నా, సరుకు బజారుకు రాకముందే పరీక్షించడం మేలని అధికారులు భావించారు. ఆ ఆలోచన మంచిదే. దానికి వారు ఎంచుకున్న మార్గమే మూగజీవాలకు శాపమైంది. 1944లో అమెరికా ఆహార, ఔషధ శాఖకు చెందిన జాన్ డ్రెయిజ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక పద్ధతిని ప్రకటించారు. తెల్ల కుందేలును కదలకుండా బిగించి, తల మాత్రం బయట ఉంచి, కింది రెప్పను లాగి 0.1 మిల్లీలీటరు రసాయనాన్ని ఒక కంట్లో వేస్తారు. పోల్చి చూసుకోవడానికి రెండో కంటిని వదిలేస్తారు. గంటకు, 24 గంటలకు, 48 గంటలకు, 72 గంటలకు, అవసరమైతే 21 రోజుల వరకు ఆ కంటిని చూస్తూ, ఎంత ఎర్రబడింది, ఎంత వాచింది, నల్లగుడ్డు మీది పొర ఎంత తెల్లబారింది అని మార్కులు వేస్తారు. మొత్తం మార్కులు 110. అందులో 80 ఆ పొరకు జరిగిన నష్టానికే. కంటి పొర ఎంత పాడైతే అన్ని మార్కులు! దశాబ్దాల తరబడి ఈ పరీక్షల్లో నొప్పి తెలియకుండా మందు ఇవ్వడం కూడా ఆనవాయితీగా ఉండేది కాదు.

కుందేలునే ఎందుకు ఎంచుకున్నారు? అది సాధుజంతువు, తిరగబడదు, చౌకగా దొరుకుతుంది, కన్ను పెద్దది. బలహీనమైనది కాబట్టే దొరికిపోయింది. పోనీ, దాని కన్ను మన కన్నులాంటిదేనా అంటే అదీ కాదు. కుందేలుకు మనకు లేని మూడో రెప్ప ఉంది. అది మనకన్నా తక్కువసార్లు రెప్ప వేస్తుంది. దాని కంటి పొర మన పొరకన్నా పలుచన. కనుక కుందేలు కంట్లో కనిపించినదంతా మనిషి కంట్లో అలాగే జరుగుతుందని చెప్పలేమని శాస్త్రవేత్తలే చాలాకాలంగా ఒప్పుకుంటున్నారు.

ఈ పద్ధతిపై గట్టిగా గొంతెత్తినవాడు న్యూయార్క్‌లో ఒక బడి పంతులు. హెన్రీ స్పైరా ఆయన పేరు. 1980 ఏప్రిల్‌లో పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేయించి, అందం కోసం ఎన్ని కుందేళ్ళను గుడ్డివి చేస్తారని రెవ్‌లాన్ కంపెనీని నిలదీశాడు. ఆ ఏడాది చివరికే ఆ కంపెనీ ప్రత్యామ్నాయ పద్ధతుల పరిశోధన కోసం ఒక విశ్వవిద్యాలయానికి 7 లక్షల 50 వేల డాలర్లు ఇస్తానని ప్రకటించింది. యూరప్ దేశాల కూటమి 2013 మార్చిలో, జంతువులపై పరీక్షించిన సౌందర్య సామగ్రి అమ్మకాన్ని పూర్తిగా నిషేధించింది. మన దేశంలో 2014 మే నెలలో సౌందర్య సామగ్రిని ఏ జంతువుపైనా పరీక్షించరాదని నిబంధన వచ్చింది. అదే ఏడాది నవంబరులో, అలా పరీక్షించిన విదేశీ సరుకు దిగుమతిని కూడా ఆపేశారు. దక్షిణాసియాలో ఈ పని చేసిన మొదటి దేశం మనదే. ఒక ముస్లింగా, ఒక భారతీయుడిగా సంతోషించవలసిన విషయమిది.

ఎందుకంటే ఈ నిబంధన చెప్పిన మాట మనకు కొత్త కాదు. పద్నాలుగు శతాబ్దాల క్రితమే మన ప్రియ ప్రవక్త (సఅసం) మూగజీవాల హక్కులను నేర్పారు. పిల్లిని కట్టేసి తిండి పెట్టక చంపిన స్త్రీ నరకానికి పాత్రురాలైందని, దాహంతో నాలుక వెళ్ళబెట్టిన కుక్కకు నీళ్ళు తాపిన వ్యక్తి మన్నింపు పొందాడని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. ప్రాణమున్న జీవిని గురిపెట్టి బాణాలు వేయడాన్ని ఆయన (సఅసం) తీవ్రంగా ఖండించారు. ముఖం మీద వాత పెట్టిన ఒక గాడిదను చూసి, ఆ పని చేసినవాణ్ణి శపించారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. ముఖం మీద వాత పెట్టడమే ఇంత పాపమైతే, ఆ ముఖంలో అన్నిటికన్నా సున్నితమైన కంటిలో మంటపుట్టించే రసాయనం పోయడం ఎలాంటిదో ఖియాస్ చేసుకోవడానికి పెద్ద పాండిత్యం అవసరం లేదు.

‘‘మనం జంతువులను జబహ్ చేస్తాం కదా, కుందేలు కంటి గురించి ఇంత బాధ దేనికి?’’ అని కొందరు అడగవచ్చు. కుందేలు మాంసం హలాల్ అనే మాట నిజమే. హజ్రత్ అనస్ (రజి) పట్టి తెచ్చిన కుందేలును హజ్రత్ అబూ తల్హా (రజి) జబహ్ చేసి, తొడ భాగాన్ని దైవప్రవక్త (సఅసం) వద్దకు పంపగా ఆయన స్వీకరించారు. కాని జబహ్‌కు కూడా నియమాలున్నాయి. కత్తికి పదును పెట్టాలి, జంతువుకు ఊరట కలిగించాలి, అల్లాహ్ పేరు తలచాలి. తినడానికి అనుమతి ఉంది, హింసించడానికి లేదు. క్షణాల్లో ముగిసే జబహ్‌కే ఇన్ని షరతులు పెట్టిన ధర్మం, 21 రోజులు కన్ను మండుతూ ఉండే యాతనను ఒక వెంట్రుక రంగు కోసం ఒప్పుకుంటుందా?

ఇక్కడే మన ఉలమా నేర్పిన ఒక కొలబద్ద పనికొస్తుంది. మనిషి అవసరాలను వారు మూడు మెట్లుగా విభజించారు. ప్రాణం, బుద్ధి వంటివి నిలబడడానికి తప్పనిసరైనవి జరూరియాత్. కష్టం తొలగడానికి కావలసినవి హాజియాత్. జీవితానికి అందం, సొగసు తెచ్చేవి తహ్సీనియాత్. గడ్డానికి రంగు, గోళ్ళకు మెరుపు, రెప్పలకు నలుపు మూడో మెట్టువి. మూడో మెట్టు మీది కోరిక కోసం ఒక జీవికి యాతన పెట్టే హక్కు మనకు లేదు. గుడ్డితనాన్ని నయం చేసే మందు విషయం వేరు. అది మొదటి మెట్టుది. అందుకే మందుల పరీక్షలను చట్టం పూర్తిగా ఆపలేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రయోగాలపై అదుపు కోసం ఒక కమిటీని ఏర్పరచి, అనవసరమైన నొప్పి కలగకుండా చూడాలని చెప్పింది. 1998లో దానికింద వివరమైన నియమాలు వచ్చాయి. అవసరం ఉన్నా, ఆ అవసరమున్నంత మేరకే అనుమతి. మన ఫిఖహ్ సూత్రమూ ఇదే.

మధ్య మెట్టుకు ఉదాహరణ మన పొలాల్లోనే ఉంది. పసుపుకు, మక్కకు పురుగుమందు కొట్టే కూలీ కంట్లో తుంపర పడితే ఏమవుతుందో తెలియాలి. అందుకే పురుగుమందుల రిజిస్ట్రేషన్‌కు కంటి పరీక్ష వివరాలు అడుగుతారు. ఆ కూలీ కన్ను కాపాడవలసిందే. ఆ పేరుతో కుందేలును తప్పక హింసించవలసిందేనా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు ఇప్పుడు విజ్ఞానశాస్త్రమే జవాబులు చెబుతోంది.

ఆహారం కోసం కోసిన పశువుల కళ్ళను, కోళ్ళ కళ్ళను కబేళా నుంచి తెచ్చి, వాటి పొరపై రసాయనం వేసి చూసే పద్ధతులకు 2009లోనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. మనం పారేసే కన్ను ఒక బతికున్న కుందేలు కంటిని కాపాడుతుందన్నమాట! మానవ కణాలతో కంటి పైపొరలాంటి పొరను పరీక్షశాలలో పెంచి, దానిపై పరీక్షించే విధానానికి 2015లో గుర్తింపు లభించింది. ఒక్క పరీక్షతో అన్నీ తేలవు. రెండు మూడింటిని వరుసగా కలిపి వాడతారు. మన హైదరాబాద్‌లో సీసీఎంబీకి అనుబంధమైన సంస్థలో జంతువులకు బదులు మానవ కణాల ఆధారంగా పరీక్షించే పద్ధతుల కోసం ఒక కేంద్రం ఏర్పడింది. కొత్త మందుల విషయంలో కూడా ఇటువంటి పద్ధతులను అంగీకరిస్తూ కేంద్ర ప్రభుత్వం 2023లో నియమాలు సవరించింది. సైన్సు చదివే మన పిల్లలకు ఇది ఉపాధికి ఉపాధి, పుణ్యానికి పుణ్యం.

ఇంతవరకు చెప్పింది సగమే. మిగతా సగం మన ఇంటి గురించి. కుందేలును చట్రం నుంచి విడిపించాం, మంచిదే. కాని తయారీదారు పేరు లేని, చిరునామా లేని, ఏమేమి కలిపారో రాయని కోన్లు, పొట్లాలు బజారులో అమ్ముడవుతూనే ఉన్నాయి. వాటిని కుందేలుపైనా పరీక్షించలేదు, కణాలపైనా పరీక్షించలేదు. వాటి పరీక్ష ఎక్కడ జరుగుతోంది? మన ఆడపిల్లల అరచేతుల మీద, మన తండ్రుల గడ్డాల మీద, వారి కళ్ళలో. కుందేలును వదిలి కూతుర్ని ఆ చట్రంలో కూర్చోబెట్టినట్లయింది. జంతువుపై దయ చూపడమంటే మనిషి పట్ల అశ్రద్ధ చూపడం కాదు. తనకు గాని ఇతరులకు గాని హాని చేయకూడదన్నది మన ధర్మంలో మూలసూత్రం.

గోరింటాకు సహజ రంగు నారింజ ఎరుపు. అది పండడానికి గంటలు పడుతుంది. కొద్దిసేపట్లోనే కారునలుపు తేలే ‘కాలీ మెహందీ’లో సాధారణంగా పీపీడీ కలుస్తుంది. యూరప్‌లో దీనిని జుట్టు రంగుల్లో 2 శాతానికి మించనివ్వరు, చర్మంపై వాడనివ్వరు. మన దేశంలో జుట్టు రంగు పెట్టెపై ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ ఒక హెచ్చరిక ఉండాలని నిబంధన ఉంది. ముందుగా చర్మంపై కొద్దిగా రాసి పరీక్షించుకోవాలి, కనుబొమలకు, రెప్పలకు వాడరాదు, వాడితే చూపు పోవచ్చు అన్నది దాని సారాంశం. లాష్ లూర్ బాధితుల కన్నీళ్ళ నుంచి పుట్టిన హెచ్చరిక అది. ఆ అక్షరాలు లేని ప్యాకెట్‌ను ఇంటికి తేవద్దు. ఉన్న ప్యాకెట్‌ను చదవకుండా విప్పవద్దు. ఇది మింగితే గొంతు వాచి ఊపిరాడదు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్లలకు అందనిచోట దాచాలి. పొరపాటున కంట్లో పడితే పన్నీరు, పాలు వంటివి పోయకుండా, శుభ్రమైన నీటితో కనీసం 15 నిమిషాలు కడిగి వెంటనే కంటి డాక్టరు వద్దకు వెళ్ళాలి. సుర్మా విషయంలోనూ జాగ్రత్త అవసరం. సున్నత్ పేరుతో అమ్మే సుర్మాలలో సీసం ఉన్నట్లు అనేక దేశాల్లో బయటపడింది. అది పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది.

మక్కా విజయం నాడు హజ్రత్ అబూబక్ర్ (రజి) తండ్రి అబూ ఖుహాఫాను తీసుకువచ్చినప్పుడు ఆయన తల, గడ్డం తెల్లగా మెరుస్తున్నాయి. ఆ తెలుపును మార్చండి, నలుపుకు మాత్రం దూరంగా ఉండండి అన్న భావంతో దైవప్రవక్త (సఅసం) సూచించారు. నలుపు విషయంలో ఫిఖహ్ వివరాలు ముఫ్తీ సాహెబులను అడిగి తెలుసుకోవాలి. మెహందీ ఎరుపుతో గడ్డం పండించుకున్న మన పెద్దల ముఖాల్లో ఏ తక్కువా కనిపించలేదన్నది మాత్రం మనందరికీ తెలుసు.

మస్జిదు ఇమాములు ఈదుకు ముందు జుమా ప్రసంగంలో ఈ విషయంపై రెండు మాటలు చెబితే ఎన్నో ఇళ్ళకు మేలు జరుగుతుంది. మెహందీ పెట్టి నాలుగు రూపాయలు సంపాదించుకునే ఆడపిల్లలు మంచి గోరింటాకు పొడితో కోన్లు స్వయంగా తయారుచేసుకుంటే వారికీ గౌరవం, పెట్టించుకునే వారికీ క్షేమం. మన దుకాణదారులు పేరూ ఊరూ లేని సరుకు అమ్మబోమని నిర్ణయించుకుంటే వారి వ్యాపారంలో బర్కత్ ఉంటుంది. రేపు ప్రళయదినాన కన్ను, చెవి, చర్మం సాక్ష్యం చెబుతాయని మన విశ్వాసం. మన అలంకరణ కోసం ఏ జీవి కన్నూ, ఏ బిడ్డ కన్నూ మనపై ఫిర్యాదు చేయకుండా బతికే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.