కారు గొంతు – కార్మికుని నిద్ర

స్త్రీల పత్రికలో కారు సైలెన్సరు ముచ్చట యేల యని మా సోదరీమణులు కొందరు నవ్వవచ్చును. వంటయింటి పొగగొట్టమును గూర్చి వ్రాసినపుడు నవ్వనివారు కారు పొగగొట్టమును గూర్చి వ్రాసినపుడు మాత్రము నవ్వనేల? దానికి వ్యయమగునది ఇంటి ధనము. దానిని నడుపువాడు ఇంటి బిడ్డ. దాని గోలకు ఇరుగుపొరుగువారిచేత మాట పడునది మనము.

గోదావరిఖనిలో సింగరేణి కార్మికులకు లాభములలో వాటా చేతికందు దినములలో ప్రతి యింటను కోరికలు మొలకెత్తును. ఒకరికి బంగారము, ఒకరికి బిడ్డల చదువు. మా మేనల్లుడు తండ్రిని బతిమాలి, హైదరాబాదులో ఒకరు వాడి అమ్మిన స్పోర్ట్స్ కారును కొని తెచ్చెను. పది దినములు గడువకముందే దాని సైలెన్సరు మార్పింతునని పట్టుబట్టెను.

“ఇది పిల్లి లెక్క మూలుగుతున్నది అత్తమ్మా. పులి లెక్క గర్జించాలె” అని వాని వాదము.

మా వదినగారు “నీ మాటైతే వింటడు, జర చెప్పు” అని మమ్ములను పిలిపించిరి. వలదని చెప్పుట సులభమే. కాని వలదన్న పనిని పిల్లలు మన కనుచాటున చేయుదురు. కావున వానితో మేమును దుకాణమునకు పోయితిమి. అక్కడ చూచి, అడిగి తెలిసికొన్న సంగతులను ముందుగా చెప్పుదుము.

ఇంజనులో ఇంధనము మండినపుడెల్ల వేడి వాయువు అధిక పీడనముతో బయటికి దూకును. ఆ దూకుడే చప్పుడు. దాని నణచుటకే సైలెన్సరు పుట్టినది. 1897లో అమెరికా దేశపు రీవ్స్ సోదరులు ఇట్టి సాధనమునకు పేటెంటు పొందిరి. చప్పుడు తగ్గించుటకై పుట్టిన వస్తువును చప్పుడు పెంచుటకై కొనుట మన కాలపు వింత!

సైలెన్సర్లు ముఖ్యముగా రెండు విధములు. మొదటిదానిలో చిన్నచిన్న గదులుండును. శబ్దతరంగములు ఆ గోడలకు తగిలి మరలివచ్చి, ఒకదానినొకటి ఎదుర్కొని క్షీణించును. రెండవదానిలో రంధ్రములుగల తిన్నని గొట్టమును, దాని చుట్టు గాజుపీచును ఉండును. శబ్దము ఆ పీచులో ఇంకును. ఇందు వాయువునకు అడ్డు తక్కువ, చప్పుడెక్కువ. కొంతకాలమునకు పీచు కాలి రాలిపోగా గోల యింకను హెచ్చును. ఇవి రెండును గాక లోపల నేమియు లేని వట్టి గొట్టమును కూడ కొందరు సైలెన్సరను పేర అమ్ముదురు. దానిని కొనకుడు.

గొట్టము వెడల్పైనకొలది బండి బలము పెరుగునని దుకాణదారుడు చెప్పెను. అది సగమే నిజము. మిక్కిలి వేగముగా తిరుగు ఇంజనుకు కొంత మేలు కలుగవచ్చును గాని, ఊరిలో నెమ్మదిగా పోవునపుడు అతివెడల్పు గొట్టమువలన లాగుడు తగ్గును. సైలెన్సరు నొక్కదానిని మార్చినంతమాత్రమున పెరుగు బలము స్వల్పము, పెరుగునది చప్పుడే.

అయినను మావాడు తిన్నని గొట్టపు సైలెన్సరునే మెచ్చెను. మెకానికు దానిని క్లాంపులతో బిగించి, రెండుదినములు నడిపి చూడుమనెను. మరునాడు ఉదయము పది గంటలకు మావాడు మా క్వార్టరు ముందర కారు నిలిపి, తన పులిని గర్జింపజేసెను.

ప్రక్కయింటి తలుపు తెరచుకొనెను. ఆ యింటాయన రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకొన్నవాడు. కన్నులు చింతనిప్పులవలె ఉండెను. తిట్టునని మేము భయపడితిమి. ఆయన తిట్టలేదు. అరుగుమీద కూర్చుండి మెల్లగా ఇట్లనెను:

“కొడుకా, బండి మంచిగున్నది. కాని రాత్రి నేను మళ్ల బావిల దిగాలె. పైకప్పు తట్టి సప్పుడు వినాలె. నిద్ర లేనోని చెవికి ఆ సప్పుడు తెల్వది.”

గనిలో పనిచేయువాడు ఇనుపకడ్డీతో పైకప్పును తట్టి చూచును. గట్టిబండ ఖంగున మ్రోగును. విడివడిన బండ బోలుగా పలుకును. ఆ రెండు ధ్వనుల భేదమే ప్రాణమునకును మరణమునకును నడిమి గీత. అట్టి చెవికి పగటినిద్రయే రక్షణ. మావాడు తల వంచుకొని మారుమాటలేక కారు ఆపివేసెను.

చట్టము ఈ విషయమున కొంత తోడుపడును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల శబ్దపరిమితిని విధించెను. రాత్రి యనగా పది గంటలు మొదలు ఉదయము ఆరువరకు. వాహనమునకు శబ్దము నణచు సైలెన్సరు ఉండితీరవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు చెప్పుచున్నవి. శబ్దప్రమాణములను మీరినవానికి 10,000 రూపాయలవరకు జరిమానా గాని, మూడునెలలవరకు కారాగారము గాని, రెండును గాని విధింపవచ్చునని 2019 నాటి సవరణ నిర్ణయించెను. తెలుగునాట పలు నగరములలో పోలీసులు ఇట్టి సైలెన్సర్లను ఊడదీయించి రోడ్డురోలరు క్రింద నలిపించిరి. కాని చట్టమెరిగిన రాత్రి వేరు, బొగ్గుబావుల ఊరి రాత్రి వేరు. రాత్రి షిఫ్టువానికి ఉదయము పదిగంటలే నడిరేయి. ఆ రేయిని కాపాడవలసినది పోలీసు కాదు, పొరుగువాడు.

మరునాడు మావాడు తానై దుకాణమునకు పోయి, గదులుగల స్టెయిన్‌లెస్ స్టీలు సైలెన్సరును తెచ్చుకొనెను. ధర కొంత హెచ్చయినను త్రుప్పునకు ఓర్చును. మీ యింట నిట్టి కోరిక పుట్టినచో ఈ మాటలు జ్ఞప్తియందుంచుకొనుడు. కారు తయారుచేసినవారు ఆ నమూనాకే నిర్ణయించిన సైలెన్సరు అన్నింటికంటె క్షేమము. విషవాయువులను శుద్ధిచేయు కెటలిటిక్ కన్వర్టరును ఎవ్వరు చెప్పినను తీయనీయకుడు. బిగించిన పిమ్మట అతుకులపై సబ్బునీరు పూసి ఇంజను నడిపింపుడు. బుడగలు లేచినచో వాయువు కారుచున్నదని యెరుగుడు. అతుకు వేడెక్కకముందే ఈ పరీక్ష జరుగవలెను. పిమ్మట రాజీవ్ రహదారిమీద అద్దములెత్తి ఒకే వేగమున కొంతదూరము పోయి, లోపల చెవులు దిమ్మెక్కునేమో చూడుడు.

మూసిన షెడ్డులో మాత్రము ఇంజను నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషము. గనిలో దిగువారు నడుమునకు సెల్ఫ్ రెస్క్యూయరు కట్టుకొనుట ఈ వాయువు భయముచేతనే కదా! ఇంటివద్ద మనకట్టి కవచము లేదు.

మా వీధిలో ఆ కారిప్పుడును తిరుగుచున్నది. క్వార్టర్ల మలుపు వచ్చినంతనే మావాడు వేగము తగ్గించును. ప్రక్కయింటి తలుపు మూసియే యుండును. దానిని చూచినపుడెల్ల మాకు తృప్తి కలుగును.